ఏప్రిల్ 4న లెక్క, నెలాఖరు శనివారం టీకా: మీ కాలనీలో కుక్కలకు రేబిస్ టీకా శిబిరం ఎలా నిర్వహించాలి?

వసంతంలో జంతువుల పేరిట దినోత్సవాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం, ఏప్రిల్ 4న ప్రపంచ వీధి జంతువుల దినోత్సవం, ఏప్రిల్ 11న అమెరికాలో 2006లో మొదలై మన నగరాల దాకా వచ్చిన పెంపుడు జంతువుల దినోత్సవం, ఏప్రిల్ చివరి శనివారం ప్రపంచ పశువైద్య దినోత్సవం. అమెరికాలో ఏప్రిల్ నెల మొత్తాన్నీ జంతు హింస నివారణ మాసంగా పాటిస్తారు; హెన్రీ బెర్గ్ ఆ దేశపు తొలి జంతు హింస నివారణ సంఘాన్ని న్యూయార్క్‌లో స్థాపించింది 1866 ఏప్రిల్ 10న. మన దేశంలో అధికారిక జంతు సంక్షేమ పక్షోత్సవాలు సంక్రాంతి నుంచి జనవరి నెలాఖరు వరకు జరుగుతాయి కనుక, ఏప్రిల్ వచ్చేసరికి కార్యాలయాల్లో ఆ ఊపు తగ్గి ఉంటుంది. ఎండలు ముదిరి, జంతువులకు మన అవసరం ఎక్కువయ్యేది మాత్రం అప్పుడే.

ఇన్ని రోజుల్లో ప్రతిదానికీ ఒక ఫ్లెక్సీ కట్టి, ఒక ఫొటో దిగి వదిలేస్తే ఏ కుక్కకూ ఏ పిచ్చుకకూ ఒరిగేదేమీ లేదు. నా సలహా ఏమిటంటే, వీటిలో రెండు తేదీలను మాత్రం గట్టిగా పట్టుకోండి. ఏప్రిల్ 4న మీ కాలనీలోని కుక్కలను లెక్కపెట్టండి, నెలాఖరు శనివారం వాటికి రేబిస్ టీకా వేయించండి. ఈ రెండింటి మధ్య దొరికే మూడు వారాలు అనుమతులకు, మందుకు, మనుషులకు సరిగ్గా సరిపోతాయి. ఆ పని ఎలా చేయాలో వరుసగా చెబుతాను.

ముందుగా లెక్క

టీకా శిబిరాలు చాలావరకు విఫలమయ్యేది సూది దగ్గర కాదు, లెక్క దగ్గర. ఎన్ని కుక్కలు ఉన్నాయో తెలియకుండా ఇరవై టీకాలు వేసి, పని అయిపోయిందనుకుంటారు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడితేనే వాటి మధ్య రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీ కాలనీలో నలభై ఉంటే ఇరవై ఎనిమిదికి తక్కువ కాకుండా వేయాలి. మొత్తం ఎన్నో తెలియకపోతే ఆ ఇరవై ఎనిమిది అనే గురి మీకు ఉండదు.

తెల్లవారుజామున, ఐదున్నర నుంచి ఏడు గంటల లోపు, ఇద్దరిద్దరు చొప్పున వీధులు పంచుకుని నడవండి. ఎండెక్కితే కుక్కలు కార్ల కిందికి, కాలువ పక్కకి, సగం కట్టిన ఇళ్లలోకి చేరిపోతాయి, అప్పుడు లెక్క సగానికి పడిపోతుంది. ఒక్క ఉదయం చూసి సరిపెట్టకుండా మరునాడు కూడా అదే దారిలో నడిచి, మొదటి రోజు కనిపించని వాటిని కలుపుకోండి. ప్రతి కుక్కకూ ఒక ఫొటో తీసి, పుస్తకంలో ఒక వరుస కేటాయించి, రంగు, మచ్చలు, ఆడా మగా, పెద్దదా పిల్లా, ఉండే చోటు, అన్నం పెట్టేవారు ఎవరు అన్న వివరాలు రాయండి. చెవి కొసన చిన్న గాటు ఉంటే దానికి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స జరిగిందని గుర్తు, కాబట్టి అదీ తప్పక రాయాలి.

మీకు తెలియని సంగతులు వాచ్‌మన్‌కూ, పాలు వేసే అబ్బాయికీ, చికెన్ కొట్టు యజమానికీ తెలుస్తాయి. ముఖ్యంగా చికెన్ కొట్టు దగ్గర ఒక అరగంట నిలబడితే, పక్క వీధుల నుంచి వచ్చి పోయేవాటితో సహా ఏది ఎవరి గుంపులోదో అర్థమవుతుంది. అన్నం పెట్టేవారు వాటికి పేర్లు కూడా పెట్టి ఉంటారు; ఆ పేర్లు పుస్తకంలో రాసుకోండి, శిబిరం రోజున పిలవడానికి పనికివస్తాయి.

కుక్క కరిచిందనో, పిల్లలు భయపడుతున్నారనో వీటి మీద కోపంగా ఉన్నవారు ప్రతి కాలనీలోనూ ఉంటారు. వారితో వాదించవద్దు, లెక్కకు రమ్మని పిలవండి. టీకా వల్ల ముందుగా భద్రత కలిగేది వారి పిల్లలకే కనుక, ఈ పనిలో అందరికంటే గట్టిగా నిలబడేది కూడా తరచుగా వారే.

అనుమతి, వైద్యుడు, మందు

లెక్క చేతికి రాగానే ఏప్రిల్ మొదటి వారంలోనే మునిసిపాలిటీ పశువైద్య విభాగానికి, గ్రామమైతే పంచాయతీకీ దగ్గరి పశువైద్యశాలకూ రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. అర్జీలో కుక్కల సంఖ్య, మీరు అనుకున్న తేదీ, సమయం, స్థలం స్పష్టంగా ఉండాలి. "మా కాలనీలో కుక్కలు ఎక్కువయ్యాయి" అని రాసిన కాగితానికీ, "43 కుక్కలు ఉన్నాయి, అందులో 17 ఆడవి, 9 వాటికి మాత్రమే చెవి గాటు ఉంది" అని రాసిన కాగితానికీ కార్యాలయంలో దక్కే మర్యాద వేరు. నకలు మీద స్వీకరణ ముద్ర వేయించుకోవడం మరచిపోవద్దు.

వీధికుక్కల కుటుంబ నియంత్రణ, టీకా 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం స్థానిక సంస్థల బాధ్యత. కాబట్టి మీరు అడుగుతున్నది దయాధర్మం కాదు. అదే సమయంలో కుక్కలను పట్టి వేరే చోట వదిలేయమని కూడా అడగవద్దు. శస్త్రచికిత్స, టీకా అయ్యాక పట్టిన చోటనే వదలాలన్నది ఆ నియమాల మూలసూత్రం. అయితే 2025లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల్లో రేబిస్ సోకినవి, దూకుడుగా ప్రవర్తించేవి అయిన కుక్కల విషయంలోనూ, పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి ప్రాంగణాల విషయంలోనూ వేరే ఆదేశాలు ఉన్నాయి. అన్నం పెట్టడానికి కూడా నిర్ణీత స్థలాలు ఉండాలని అదే ఏడాది కోర్టు చెప్పింది. మీ వార్డులో ఆ స్థలం ఏదో ఈ అర్జీతో పాటే అడిగి తెలుసుకోండి, శిబిరానికి కూడా అదే అనువైన చోటు.

వైద్యుడు కుదరకపోతే ఫలానా సంస్థ వారో, ఫలానా కుర్రాడో సూది వేయగలడని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. రిజిస్టరు అయిన పశువైద్యుడు లేదా ఆయన పర్యవేక్షణలో పనిచేసే సిబ్బంది మాత్రమే టీకా వేయాలి. ఏ జంతువుకైనా అరుదుగా మందు పడక ఊపిరి ఆడని స్థితి రావచ్చు. అప్పుడు వేయవలసిన మందు వైద్యుడి సంచిలో ఉండాలి, దాన్ని ఎప్పుడు ఎంత వేయాలో ఆయనకు తెలిసి ఉండాలి.

మందు కొనేది మీరే అయితే చల్లదనం మీద శ్రద్ధ పెట్టండి. రేబిస్ టీకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఏప్రిల్‌లో మన ఊళ్లలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. దుకాణం నుంచి స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తెచ్చిన సీసా శిబిరానికి చేరేసరికి నీళ్లతో సమానం కావచ్చు. ఐస్ పెట్టెలో తెండి, కానీ సీసాలు మంచుగడ్డకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డో అట్టో పెట్టండి, ఎందుకంటే గడ్డకట్టిన టీకా కూడా పనికిరాదు. ఎక్కువ మోతాదులున్న సీసా తెరిస్తే ఆ పూటే వాడేయాలి, మిగిలింది మరునాటికి దాచకూడదు. సిరంజీలు, సూదులు జంతువుకు ఒకటి చొప్పున లెక్కపెట్టి, పైన కొన్ని అదనంగా ఉంచుకోండి.

కుక్కలను చేతితో పట్టుకోబోయేవారు ఎవరో ఇప్పుడే తేల్చుకోవాలి. వారు ముందుజాగ్రత్త రేబిస్ టీకాలను వైద్యుడి సలహాతో ముందే వేయించుకుని ఉండాలి. ఆ టీకాల వరుస పూర్తి కావడానికి మూడు వారాలకు పైగా పట్టవచ్చు కనుక ఈ ఒక్క పని మాత్రం మార్చిలోనే మొదలుపెట్టడం మంచిది. టీకా లేనివారికి పుస్తకం రాయడం, జనాన్ని దూరంగా ఉంచడం, నీళ్లు అందించడం వంటి పనులు అప్పగించండి.

ఏప్రిల్ 11న ఇళ్లలోని జంతువులు

పెంపుడు జంతువుల దినోత్సవాన్ని పోటీలకు, అలంకరణలకు వాడేవారున్నారు. మండే ఎండలో కుక్కకు చొక్కా తొడగడం కంటే ఆ రోజు ఇంటింటికీ వెళ్లి టీకా పుస్తకాలు చూడడం మేలు. అందరికంటే ఎక్కువగా టీకా తప్పేది ఇంటి పిల్లులకు. బయటికి పోదు కదా అని యజమానులు అనుకుంటారు, రాత్రి గోడ దూకిన సంగతి వారికి తెలియదు. గడువు దాటిన వాటి పేర్లు శిబిరం జాబితాలో చేర్చండి, మునిసిపాలిటీలో పెంపుడు కుక్క నమోదు చేయించారో లేదో కూడా అడగండి.

ఈ ఇంటింటి తిరుగుడులో పంజరాల్లో రామచిలుకలు, గాజు తొట్లలో నక్షత్ర తాబేళ్లు కనిపిస్తాయి. ఇవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చే జీవులు, వీటిని ఇంట్లో పెంచడం నేరం. చాలామందికి ఆ సంగతి నిజంగానే తెలియదు. అరిచి అవమానించకుండా చెప్పి, అటవీ శాఖకు అప్పగించే దారి చూపించండి. రెక్కలు కత్తిరించిన చిలుకను మేడ మీద నుంచి ఎగరేస్తే అది కాకులకు ఆహారమవుతుంది.

వేసవి జాగ్రత్తలు కూడా అప్పుడే చెప్పేయవచ్చు. పేలు, గోమార్లు పెరిగే కాలం కనుక అందరూ మందు కొంటారు, అయితే కుక్కల కోసం తయారైన పర్మెత్రిన్ మందు పిల్లికి పూస్తే ప్రాణాలు పోతాయి. జ్వరం వచ్చిందని మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి వేసినా అంతే. పాయసంలోని కిస్‌మిస్, కూరలోని ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. మామిడి టెంక మింగి పేగుల్లో ఇరుక్కున్న కుక్కలు వేసవిలో పశువైద్యశాలలకు వస్తూనే ఉంటాయి.

ఈ దినోత్సవానికి పిల్లలకు కుక్కపిల్లను బహుమతిగా ఇద్దామనుకునేవారు ఎవరైనా ఉంటే ఆగమనండి. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017 కుక్కల పెంపకం, విక్రయ నియమాలు చెబుతాయి. అయినా ముప్పై రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేవారు ఉన్నారు. తల్లిపాలు సరిగా దక్కని అలాంటి పిల్లకు పార్వో (వాంతులు, రక్త విరేచనాలతో వచ్చే వైరస్ జబ్బు) వస్తే బతకడం కష్టం.

నీళ్ల తొట్లు

లెక్క పూర్తయిన రోజునే నీళ్లు పెట్టడం మొదలుపెట్టండి, శిబిరం దాకా ఆగవద్దు. మనుషులకు చలివేంద్రం పెట్టే అలవాటు ఉన్న ఊళ్లో ఇది కొత్తగా నేర్పవలసిన పని కాదు. నీడలో, వాహనాలు తిరగని చోట సిమెంటు తొట్టో, వెడల్పాటి మట్టి మూకుడో పెట్టండి. పక్షుల కోసమైతే లోతు తక్కువగా ఉండాలి, మధ్యలో ఒక రాయి పెడితే అవి నిలబడి తాగుతాయి. మూడు నాలుగు రోజులకొకసారి నీళ్లు పూర్తిగా వంచి, తొట్టి లోపలి గోడలను పీచుతో రుద్ది కడగాలి, ఎందుకంటే డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్లు మార్చినంత మాత్రాన పోవు. ఇది చేయలేకపోతే తొట్టి పెట్టకపోవడమే నయం. ఏ తొట్టి ఎవరి బాధ్యతో తొట్టి మీదనే పెయింట్‌తో రాయండి. పిచ్చుకల కోసం చూరుకు వరికుచ్చు కట్టే పాత అలవాటు ఎవరింట్లోనైనా మిగిలి ఉంటే, దాని కిందనే ఒక మూకుడు పెట్టించండి.

శిబిరం రోజు

ఉదయం ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా ముగించండి. ఇంటి కుక్కలనూ వీధికుక్కలనూ ఒకే చోట ఒకే సమయంలో కలపవద్దు. వీధివాటికి ముందు రెండు గంటలు, ఇంటివాటికి ఆ తరువాత. ఇంటి కుక్క మెడపట్టీతోనూ మూతికట్టుతోనూ, పిల్లి గుడ్డ కప్పిన బుట్టలోనూ రావాలి.

వీధికుక్కలను వరుసలో నిలబెట్టలేం కనుక మీరే వాటి దగ్గరికి వెళ్లాలి. రోజూ అన్నం పెట్టేవారు ఎప్పుడు పెడతారో అప్పుడే, ఎక్కడ పెడతారో అక్కడే, ఎప్పటి గిన్నెలోనే అన్నం పెట్టాలి. ముందురోజు రాత్రి కొంచెం తక్కువ పెడితే ఉదయం ఆకలితో వస్తాయి. గిన్నెను గోడకు ఆనించి పెడితే కుక్కకు ఒక పక్క గోడ అడ్డు ఉంటుంది. అన్నం పెట్టినవారు దాని తల వైపు కూర్చుని మెల్లగా మాట్లాడుతూ ఉండగా, వైద్యుడు వెనుక నుంచి కాకుండా పక్క నుంచి, కుక్క కళ్లకు కనబడే దారిలో వచ్చి తొడలో సూది వేస్తే, చాలా కుక్కలు ఒక్కసారి తల తిప్పి చూసి మళ్లీ తినడం మొదలుపెడతాయి. ఆ చుట్టుపక్కల ముగ్గురికి మించి మనుషులు ఉండకూడదు, ఫోన్లు జేబుల్లో ఉండాలి. బెదిరి పరుగెత్తిన కుక్క వెంట పడవద్దు, అది మిగతా పది కుక్కలకూ ప్రమాదం జరుగుతోందని చెబుతూ పోతుంది. దగ్గరికి రానివాటికి వల అవసరమవుతుంది, అది శిక్షణ పొందిన మునిసిపల్ సిబ్బంది పని. మెడకు తీగ ఉచ్చు వేసే పద్ధతిని ఎవరు తెచ్చినా ఆపించండి.

సూది పడిన వెంటనే గుర్తు పెట్టాలి, లేకపోతే అరగంట తరువాత ఏది ఏదో ఎవరికీ తెలియదు. పశువుల మీద వాడే రంగు మార్కర్‌తో నడుము మీద ఒక గీత గీస్తే చాలు, కొన్ని రోజులు ఉంటుంది. మెడకు రిబ్బన్లు, తాళ్లు కట్టడం చూడడానికి బాగుంటుంది కానీ, పెరిగే పిల్లకు కట్టిన తాడు రెండు మూడు నెలల్లో మెడ చర్మంలోకి దిగిపోతుంది. పుస్తకం పట్టుకున్న మనిషి అక్కడికక్కడే ఆ కుక్క వరుసలో తేదీ, సీసా మీది బ్యాచ్ సంఖ్య రాయాలి. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి వైద్యుడికే తిరిగి ఇవ్వండి, చెత్తకుండీలో పడితే అవి పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి గుచ్చుకుంటాయి. టీకా పడిన ప్రతి జంతువునూ ఒక ఇరవై ముప్పై నిమిషాలు ఎవరో ఒకరు దూరం నుంచి గమనిస్తూ ఉండాలి.

చొంగ కారుస్తూ, తూలుతూ, ఎదురైన కట్టెనో రాయినో కొరుకుతూ తిరిగే కుక్క కనబడితే టీకా సంగతి మరచిపోండి. ఎవరూ దగ్గరికి వెళ్లకుండా పిల్లలను లోపలికి పంపి, మునిసిపాలిటీకి వెంటనే చెప్పండి.

ఎవరికైనా పన్ను దిగినా, గోరు గీరుకున్నా గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడగండి, ఆ తరువాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు ఏవీ రాయవద్దు. పెద్దవాళ్లు ఇంకా భయపడే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల కాలం పోయి రెండు దశాబ్దాలు దాటింది. ఇప్పుడు భుజానికి వేసే టీకాను ప్రభుత్వ ఆసుపత్రుల్లో 0, 3, 7, 28వ రోజుల్లో ఉచితంగా వేస్తారు. రక్తం వచ్చిన గాయానికి దానితో పాటు గాయం చుట్టూ యాంటీ రేబిస్ సీరం కూడా పడాలి, అది అడిగి వేయించుకోండి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు చికిత్స లేదు. కరిచిన కుక్కకు టీకా వేశామన్న ధైర్యంతో మనిషి టీకాను మానవద్దు, ఎందుకంటే సూది పడిన రోజునే కుక్కకు రక్షణ రాదు, దానికి వారాలు పడుతుంది.

గ్రామంలో అయితే

పద్ధతి ఇదే, కానీ ప్రపంచ పశువైద్య దినోత్సవాన్ని పశువులకు కూడా కలుపుకోండి. వానలకు ముందే గేదెలకూ ఆవులకూ గొంతువాపు, జబ్బవాపు టీకాలు, గొర్రెలకు చిటుకు రోగం టీకా పడాలి కనుక, కుక్కల లెక్కతో పాటు మందల లెక్కను కూడా అదే అర్జీలో రాసి ఇస్తే పశువైద్యుడికి రెండు రాకపోకలు తప్పుతాయి. లేవలేని పశువు ఉంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

శిబిరం తరువాత

మరునాడు తెల్లవారుజామున మళ్లీ అదే దారిలో నడిచి, రంగు గీత ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని లెక్కపెట్టండి. 70 శాతానికి తక్కువ తేలితే మిగిలినవి ఎక్కడ తప్పించుకున్నాయో పుస్తకం చూస్తే తెలుస్తుంది, సాధారణంగా అవి ఒకే మూల వీధిలోనివి, అన్నం పెట్టేవారు లేనివి అయి ఉంటాయి. ఆ వీధికి వారంలోపు మళ్లీ వైద్యుడిని తీసుకెళ్లండి. చెవి గాటు లేని ఆడకుక్కల జాబితాను వేరుగా రాసి, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స కోసం మునిసిపాలిటీకి రెండో అర్జీ ఇవ్వండి, దానికి శిబిరం ఫలితాన్ని జతచేయండి.

శిబిరం రోజుకు మూడు నెలలు నిండని కుక్కపిల్లలకు టీకా వేసి ఉండరు. ఒక్కొక్క దానికి మూడు నెలలు ఎప్పుడు నిండుతాయో వైద్యుడిని అడిగి, ఆ తేదీనీ, ఆయన చెప్పిన బూస్టర్ తేదీనీ, ఆ రోజు పిల్లను తీసుకువెళ్లే మనిషి పేరునూ పుస్తకంలో దాని వరుసలోనే రాయండి. పెద్ద కుక్కలకు వచ్చే ఏప్రిల్ చివరి శనివారం తేదీ రాసి, పుస్తకం నకలు ఒకటి కాలనీ సంఘం బీరువాలోనూ ఒకటి పశువైద్యశాలలోనూ ఉంచండి.